పచ్చి బాలింత, పసిబిడ్డ, ప్రయాణం: ఎప్పుడు, దేంట్లో?

మా పెద్దమ్మాయి పుట్టిన 23వ రోజున చిత్తూరు నుంచి బెంగళూరుకు బయల్దేరాం. మే నెల. అత్తగారింట్లో బారసాలకు ముహూర్తం పెట్టేశారు, చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లిపోయాయి. అద్దె కారు రావడం ఆలస్యమై, ఎక్కేసరికి ఉదయం పది దాటింది. గాలి సోకకూడదని మా అవ్వ బిడ్డకు కుల్లాయి, మేజోళ్లు తొడిగి, పైన రెండు దుప్పట్లు చుట్టింది. మొగిలి ఘాట్‌లో లారీ ఒకటి అడ్డం తిరిగి గంటన్నర కదల్లేదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు, దాంతో ఏసీ కూడా ఆగిపోయింది. బిడ్డ మొదట గుక్కపట్టి ఏడ్చింది, తర్వాత ఊరుకుంది. "నిద్రపోయింది, కదపొద్దు" అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను.

పలమనేరులో పాలు పడదామని ఒళ్లోకి తీసుకుంటే నోరు తెరవలేదు. లంగోటి పొడిగా ఉంది. ఒళ్లు కాలిపోతోంది. అక్కడి పిల్లల డాక్టరు చూస్తే 101 డిగ్రీల జ్వరం. దుప్పట్లు విప్పించి, పాలు పిండించి చెంచాతో పట్టించి, రక్తం పరీక్షకు తీసుకుని, రాత్రికి అక్కడే ఉంచేశారు. ఎండకూ దుప్పట్లకూ ఒళ్లు వేడెక్కిందే తప్ప ఇన్‌ఫెక్షన్ కాదని మర్నాటికి తేలింది. బిడ్డ క్షేమంగా ఉంది. కానీ నిద్ర అనుకున్నది నిద్ర కాదన్న సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ తర్వాత మా చెల్లెలు, ఆడపడుచు, కింది వాటాలో ఉండే అమ్మాయి, కాన్పయిన ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: కారు మేలా, రైలు మేలా, విమానం మేలా? నేను తిరిగి అడిగేదీ ఒకటే: ఇప్పుడే ఎందుకు? దానికి జవాబు దొరికితే బండి సంగతి సగం తేలిపోతుంది.

ముందు తేదీ, తర్వాత బండి

నా లెక్క ఇది. ఆసుపత్రి నుంచి ఇంటికి ఎలాగూ రావాలి. అక్కడి నుంచి ఆరు వారాల దాకా డాక్టరు దగ్గరికి తప్ప ఎక్కడికీ వద్దు. ఆరో వారం టీకాలు పడి, రెండు మూడు రోజులు గడిచాక, మూడు నాలుగు గంటల్లో చేరే ఊళ్లు పరవాలేదు. హైదరాబాదు లాంటి దూరాలకు మూడో నెల నిండనివ్వండి.

ఆరు వారాలు అనడానికి కారణాలున్నాయి. పుట్టిన మొదటి 28 రోజులు బిడ్డకు రోగాన్ని తట్టుకునే శక్తి చాలా తక్కువ. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ జ్వరం వచ్చిందంటే ఇంట్లో చుక్కల మందు వేసి చూద్దాం అనుకునే పని లేదు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. అర్ధరాత్రి ఏ స్టేషనూ రాని చోట రైల్లో ఉండగా ఆ జ్వరం వస్తే ఏం చేస్తారు? నాకు అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

రెండోది టీకాలు. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేస్తారు. కోరింత దగ్గు నుంచి కాపాడే పెంటావాలెంట్ మొదటి డోసు ఆరో వారంలోనే పడేది. బస్టాండులో పక్కన కూర్చున్న పెద్దవాళ్లకు మామూలు దగ్గులా ఉండేది పసికందుకు ఊపిరాడనివ్వని జబ్బు కావచ్చు. ఇక టీకా పడిన మర్నాడు బయల్దేరడమూ పొరపాటే. ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలు. దారిలో ఒళ్లు కాలితే అది టీకా జ్వరమా, వేరే జ్వరమా తెలియక అల్లాడిపోతాం.

మూడోది తల్లి. ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తరు, అందుకే గట్టిగా చెబుతున్నాను. కాన్పయ్యాక ఆరు వారాల దాకా కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువ. కదలకుండా ఆరేడు గంటలు కాళ్లు వేలాడేసి కూర్చోవడం ఆ సమయంలో చేయకూడని పని. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ప్రయాణ బడలిక అనుకుని ఊరుకోకండి, వెంటనే డాక్టరుకు చూపించండి.

మూడో నెలలోనో ఐదో నెలలోనో బాలింతను అత్తారింటికి పంపే ఆనవాయితీ మనకుంది. ఒకప్పుడు చాదస్తం అనుకునేదాన్ని. ఇప్పుడు అంతకంటే తెలివైన ఏర్పాటు లేదనిపిస్తుంది. అప్పటికి తల్లికి కుట్లు మానతాయి, పాలు కుదురుకుంటాయి, బిడ్డకు టీకాలు మొదలవుతాయి.

ముహూర్తం మాటకొస్తే, రెండో కాన్పుకు 21వ రోజు బారసాల చిత్తూరులోనే చేశాం. అత్తామామలు, ఆడపడుచులు, అందరూ బెంగళూరు నుంచి వచ్చారు. అడగడానికి మా ఆయన మొదట మొహమాటపడ్డాడు. అత్తయ్య మాత్రం "పన్నెండుమందిమి మేం రాలేమా, దానికి బిడ్డను తిప్పాలా" అన్నారు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయినా, రెండున్నర కిలోల లోపు బరువున్న బిడ్డ అయినా ఈ లెక్కలు పనికిరావు. టీకాలు పుట్టిన తేదీ ప్రకారమే వేస్తారు గానీ, ప్రయాణానికి మాత్రం పుట్టాల్సిన తేదీ నుంచి రోజులు లెక్కపెట్టుకోండి. బిడ్డను చూస్తున్న డాక్టరు సరేనంటేనే కదలండి.

ఆసుపత్రి నుంచి ఇంటికి

ఇది చిన్న ప్రయాణమే, కానీ మనం అజాగ్రత్తగా చేసేదీ ఇదే. తిరుపతి ప్రసూతి ఆసుపత్రి ముందు నిలబడితే రోజూ కనిపిస్తుంది: భర్త బండి నడుపుతుంటాడు, వెనకాల బాలింత, మధ్యలో బిడ్డ. టూవీలర్ మీద నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ పెట్టాలన్న కేంద్ర నిబంధన కూడా 9 నెలల వయసు నుంచే మొదలవుతుంది. అంతకంటే చిన్న బిడ్డ తలకు సరిపడే రక్షణ లేదు. ఇంటికి రెండు కిలోమీటర్లే అయినా టూవీలర్ వద్దు.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయితే 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉచితంగా ఇంటి దగ్గర దించుతుంది. డిశ్చార్జి రోజు పొద్దున్నే వార్డు నర్సును అడిగి పేరు రాయించుకోండి. వరుసలో గంటో రెండు గంటలో పట్టినా ఆగడమే మేలు. ప్రైవేటు ఆసుపత్రి అయితే కారు. ఆటో తప్పదంటే పగటిపూట, ఎండ ముదరకముందే వెళ్లండి. ఎగుడుదిగుడు రోడ్డు మీద నెమ్మదిగా పొమ్మని చెప్పి, రెండు పక్కలా ఇద్దరు మనుషులు కూర్చుని, తల్లిని మధ్యలో కూర్చోబెట్టండి.

ఇంటికొచ్చాక మూడో రోజుకీ ఐదో రోజుకీ మధ్య పసిరికలు (కామెర్లు) ఎక్కువవుతాయి. పగటి వెలుగులో బిడ్డ అరికాళ్లు, అరచేతులు చూడండి. పసుపు అక్కడిదాకా పాకితే, లేదా బిడ్డ పాలకు లేవకపోతే, బయటికి తీసుకెళ్లకూడదన్న పట్టింపులన్నీ పక్కనపెట్టి ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. పురుడు, మైల అని ఆ ప్రయాణాన్ని వాయిదా వేసినవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర, తిరుపతి వైపు వాళ్లకు అక్కడే రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. పిల్లల గుండె జబ్బులకు 2021 నుంచి తిరుపతిలోనే పద్మావతి హృదయాలయం నడుస్తోంది. బిడ్డ పరిస్థితి బాగోకపోతే సొంత కారుకన్నా 108 మేలు. ఆక్సిజన్ ఉంటుంది, చూసుకునే మనిషి ఉంటాడు. దారిలో బిడ్డ చల్లబడకుండా తల్లి రొమ్ముకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా పట్టుకుని పైన చీర కప్పండి. తక్కువ బరువు బిడ్డకు ఇంతకు మించిన వెచ్చదనం లేదు.

బెంగళూరు, చెన్నై వైపు: కారుకే నా ఓటు

చిత్తూరు నుంచి బెంగళూరు దాదాపు 180 కిలోమీటర్లు. తిరుపతి నుంచయితే 250. తిరుపతి నుంచి చెన్నై 150 లోపే. ఈ దూరాలకు కారు మేలనడానికి సౌఖ్యం కారణం కాదు. కావలసినప్పుడు ఆపగలగడం కారణం. పసిబిడ్డ రెండు మూడు గంటలకోసారి పాలు తాగాలి. కక్కుకుంటుంది, తడుపుకుంటుంది. డ్రైవరుకు ముందే చెప్పండి: గంట గంటన్నరకోసారి ఆపాలి, నాలుగు గంటల దారి ఆరు గంటలైనా పరవాలేదు. దానికి ముఖం చిట్లించే డ్రైవరైతే వేరే బండి చూసుకోండి.

కారులో మనవాళ్లు పట్టించుకోనిది బిడ్డ సీటు. వెనక సీట్లో, బిడ్డ ముఖం కారు వెనక్కి చూసేలా బిగించే శిశువుల సీటు ఉంటుంది. అద్దె కార్లలో ఉండదు, మనమే తెచ్చుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో దాన్ని ఎప్పుడూ పెట్టకూడదు. ఒళ్లో పట్టుకుంటే చాలదా అని నేనూ వాదించాను. గట్టిగా బ్రేకు పడితే మన చేతుల్లోంచి మూడు కిలోల బిడ్డ జారిపోవడాన్ని ఎంత బలమున్న తల్లీ ఆపలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కూడా 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా అంటోంది. కొత్తది కొనలేకపోతే అక్కచెల్లెళ్ల దగ్గర, స్నేహితుల దగ్గర అడగండి. ఏడాది వాడి అటక మీద పెట్టేసినవాళ్లు చాలామంది ఉంటారు. ఒకటే చూసుకోండి, యాక్సిడెంటయిన కారులోది కాకూడదు.

ఆ సీట్లో కూడా బిడ్డను గంటల తరబడి వదిలేయకూడదు. మెడ ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనితే ఊపిరి ఇబ్బందవుతుంది. అందుకే పక్కన ఒకరు బిడ్డ ముఖం కనపడేలా కూర్చోవాలి. ఆపినప్పుడల్లా బయటికి తీసి కాసేపు వెల్లకిలా పడుకోబెట్టాలి. పాలు పట్టేటప్పుడు బండి ఆగి ఉండాలి.

వేళ విషయంలో నాకు మొహమాటం లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరండి. ఏప్రిల్, మే నెలల్లో రేణిగుంట, తిరుపతి ఎండ పెద్దవాళ్లకే తట్టుకోలేనిది. రాత్రి ప్రయాణమూ వద్దు. మొగిలి ఘాట్‌లో గానీ, మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్‌లో గానీ చీకట్లో నిద్రమత్తు డ్రైవరుతో వెళ్లే అవసరం ఏ బిడ్డకూ లేదు. చలికాలమైతే పలమనేరు మెట్ట ఎక్కగానే గాలి మారుతుంది, ఒక స్వెటరు చేతికందేలా పెట్టుకోండి. బట్టల లెక్క సులువే: మనకు హాయిగా ఉన్న చోట బిడ్డకు మనకంటే ఒక పొర ఎక్కువ చాలు. వేడి చూడాలంటే చేతులు కాళ్లు కాదు, వీపు మీద, మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట తగిలితే ఒక పొర తీసేయాలి. కదిలే కారులో కుల్లాయి అక్కర్లేదు.

నవంబరు, డిసెంబరుల్లో కాన్పయినవాళ్లు వాన కబురు చూడకుండా బయల్దేరకండి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు పారాయి, అన్నమయ్య డ్యామ్ తెగాక రాజంపేట వైపు రైళ్లు ఆగిపోయాయి. ఇంట్లో నాలుగు రోజులు ఎక్కువుంటే పోయేదేమీ లేదు.

బస్సు సంగతి క్లుప్తంగా చెప్తాను. ప్రైవేటు స్లీపరు బస్సు వద్దే వద్దు. బాత్రూము ఉండదు, మలుపులో బిడ్డ దొర్లుతుంది, మన ఇష్టానికి ఆగదు. ఆర్టీసీ ఏసీ బస్సు పగటిపూట, మధ్య వరస సీటయితే, మూడు నెలలు దాటిన బిడ్డతో సర్దుకోవచ్చు. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. చిత్తూరు, పీలేరు, పుత్తూరు వైపు పుట్టిళ్లున్నవాళ్లకు అది పెద్ద ఆసరా. కానీ నిలబడి కిక్కిరిసిన బస్సులో నెలల బిడ్డతో ఎక్కకండి. తెల్లారి మొదటి ట్రిప్పు దొరికితే సీటూ ఉంటుంది, గాలీ ఉంటుంది. తిరుపతి నుంచి చెన్నైకయితే బస్సు కన్నా సప్తగిరి ఎక్స్‌ప్రెస్ రైలు నయం. లేచి తిరగొచ్చు, బాత్రూము ఉంటుంది.

హైదరాబాదుకు: రైలా, విమానమా

ఇక్కడ కారు లెక్కలోకి రాదు. పన్నెండు గంటల రోడ్డు బాలింతకు గానీ బిడ్డకు గానీ పెట్టకూడని కష్టం.

రాత్రి రైళ్లలో నారాయణాద్రి, వెంకటాద్రి మనవాళ్లకు అలవాటైనవి. చిత్తూరు వాళ్లకు వెంకటాద్రి ఇంటిముందు బండి. పగటిపూట సికింద్రాబాదుకు 2023 ఏప్రిల్ నుంచి వందేభారత్ నడుస్తోంది, ఎనిమిది గంటల పైచిలుకులో చేరుస్తుంది. చాలామంది త్వరగా అయిపోతుందని వందేభారత్ అంటారు. బాలింతకు నేను రాత్రి రైల్లో సెకండ్ ఏసీనే చెబుతాను. ఈ వందేభారత్‌లో అన్నీ కుర్చీలే. అంతసేపు నిటారుగా కూర్చోవాలి, పాలివ్వడానికి చాటు ఉండదు. సెకండ్ ఏసీలో కింది బెర్తు, తెర, ఒరిగి పాలిచ్చే వీలు. థర్డ్ ఏసీలో తెర ఉండదు, మనుషులూ ఎక్కువే. ఐదేళ్ల లోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్టు అక్కర్లేదు. తోడు వెళ్లే అమ్మమ్మకు 45 ఏళ్లు దాటితే కింది బెర్తు కోటాలో ప్రయత్నించండి.

రైల్లో ఒక భయం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇరుకు బెర్తు మీద అలసిన తల్లి పక్కన బిడ్డ పడుకుంటే, నిద్రలో తల్లి శరీరమో దుప్పటో ముక్కుకు అడ్డం పడొచ్చు. అందుకే ఇద్దరు పెద్దవాళ్లు లేకుండా రాత్రి రైలు ఎక్కకండి. వంతులు వేసుకుని ఒకరు మెలకువగా ఉండాలి. రైలు వాళ్లిచ్చే కంబళి బిడ్డ మీద కప్పకండి, ఇంటినుంచి పాత నూలు చీర తెచ్చుకోండి. ఏసీ గాలి నేరుగా తగిలే వైపు బిడ్డ తల పెట్టకండి. దారిలో డాక్టరు కావాలంటే 139కి ఫోను చేసి కోచ్, బెర్తు నంబరు చెబితే వచ్చే స్టేషన్లో చూసే ఏర్పాటు చేస్తారు.

విమానం రేణిగుంట నుంచి గాల్లో గంట, గంటంబావు. ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి నాలుగైదు గంటలు వేసుకోండి. మూడో నెల నిండిన, ఏ జబ్బూ లేని బిడ్డకు డబ్బు సర్దుబాటయితే నేను విమానానికే మొగ్గుతాను, ముఖ్యంగా సిజేరియన్ తల్లులకు. కొన్ని విమాన సంస్థలు వారం లోపు పిల్లలను కూడా ఎక్కించుకుంటాయి కదా అని కొందరు వాదిస్తారు. ఎక్కనిస్తారంటే ఎక్కడం మంచిదని కాదు. లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, ఊపిరితిత్తుల సమస్యతో పుట్టిన బిడ్డకు అది భారం. డాక్టరును అడగకుండా టికెట్టు కొనకండి. రెండేళ్ల లోపు బిడ్డ ఒళ్లోనే కూర్చుంటుంది. పుట్టిన తేదీ రుజువు చూపాలి, జనన ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెవులు దిబ్బెళ్లు పడకుండా రొమ్ము పట్టించాలి. దిగడం మొదలయ్యేసరికి బిడ్డ నిద్రపోతుంటే లేపి మరీ పట్టించండి.

కొండకు ఎప్పుడు

తిరుపతిలో కాన్పయితే "ఇంత దగ్గరుండి స్వామికి చూపించరా" అన్న మాట పడుతుంది. నాకూ ఆ తపన ఉంది. కానీ ఏడాది లోపు పిల్లలున్న తల్లిదండ్రులను టీటీడీ సుపథం అనే ప్రత్యేక దారిలో దర్శనానికి పంపుతుంది. ఆ సౌకర్యం ఏడాది నిండేదాకా ఉందంటే ముప్పయ్యో రోజున పరుగెత్తాల్సిన పనేముంది? జనసమ్మర్దంలో దగ్గులు, తుమ్ములు తప్పవు. ఘాట్ మలుపులకు తల్లికి తల తిరుగుతుంది. మేం రెండో బిడ్డను ఆరో నెల అన్నప్రాశన నాడు తీసుకెళ్లాం. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు తప్పించి, వారం మధ్యలో వెళ్లండి. ముందు రోజు వేళలు కనుక్కుని, జనన ధ్రువపత్రం, ఇద్దరి ఆధార్ పట్టుకెళ్లండి. పుట్టువెంట్రుకలకు అంతకన్నా తొందర లేదు.

ఆగిపోవాల్సిన గుర్తులు

సంచిలో డైపర్లు, మార్చే బట్టలు, డిశ్చార్జి కాగితం, టీకా కార్డు ఎలాగూ పెడతారు. థర్మామీటరు మర్చిపోకండి. తల్లిపాలు తాగే బిడ్డకు దారిలో నీళ్లు, గ్రైప్ వాటర్, తేనె ఏవీ వద్దు. ఎండాకాలమైనా అంతే, ఇంకోసారి రొమ్ము పట్టించండి. నీళ్లు తాగాల్సింది తల్లి.

బయల్దేరే రోజు బిడ్డ పాలు సరిగ్గా తాగకపోతే ప్రయాణం మానేయండి, టికెట్టు డబ్బులు పోనివ్వండి. దారిలో అయితే వీటిలో ఏ ఒక్కటి కనపడినా దగ్గర్లోని ఆసుపత్రికి తిప్పండి: 100.4 దాటిన జ్వరం, లేదా ఒళ్లు చల్లబడటం, రెండుసార్లు వరసగా పాలకు నోరు తెరవకపోవడం, నిద్రలో ఉన్న బిడ్డ నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీయడం, డొక్కలు లోపలికి పోవడం, పెదాలు నీలంగా మారడం, లేపినా లేవకపోవడం. మొదటి వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లయినా తడపాలి. నాలుగైదు గంటలు లంగోటి పొడిగా ఉందంటే అనుమానించండి.

రెండోవాడిని తొమ్మిదో వారంలో బెంగళూరు తీసుకెళ్లాం. చిత్తూరులో నాలుగున్నరకు కారెక్కాం. వెనక బిడ్డ సీటు, పక్కన నేను, రెండోవైపు అమ్మ. మొగిలి ఘాట్ దాటేసరికి తెల్లగా వెలుగొచ్చింది. పలమనేరులో ఆగి పాలు పట్టాను. ముళబాగిలు దాటాక ఇంకోసారి ఆపించి లేపాను, వాడు విసుక్కుని ఏడ్చాడు. లంగోటిలో చెయ్యి పెట్టి చూస్తే తడి. ముందు సీట్లోంచి మా ఆయన వెనక్కి తిరిగి "తడిపాడా?" అని అడిగాడు.